నక్షత్రం మోసిన పిల్ల పేరు

1964 నవంబరులో నన్ను స్టోర్స్ ఆఫీసు గుమాస్తా పని నుంచి తప్పించి, ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగుల ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీకి అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా వేశారు. ఇన్‌స్టిట్యూట్ అంటే ఉద్యోగుల క్లబ్బు. ముందు హాలు, బిలియర్డ్స్ బల్ల, నాటకాల వేదిక, పక్కన మా లైబ్రరీ. నేను అంతకుముందే రాత్రి తరగతుల్లో లైబ్రరీ సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యాను. రెండూ క్లాస్ త్రీ, అంటే గుమాస్తా స్థాయి ఉద్యోగాలే కాబట్టి జీతంలో తేడా ఏమీ రాలేదు. నాకు పైన ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ, కింద ఒక దఫ్తరీ ఉండేవారు. పుస్తకాలు బైండు చేసే పనివాణ్ని దఫ్తరీ అంటారు.

నాకు అప్పగించిన పని వెనక గదిలోని పాత పేపర్లు. ఇంగ్లీషువాళ్ల కాలం నుంచి వచ్చిన పత్రికలన్నీ ఏడాదికొక సంపుటంగా బైండు చేసి ఆ గదిలో పెట్టేవారు. వాటిని మేము బ్యాక్ ఫైళ్లు అనేవాళ్లం. ఒక గోడ పొడుగునా చెదలు ఎక్కాయి. నేను ఒక్కొక్క సంపుటాన్నీ తెరిచి చూడాలి. పనికొచ్చేది ఏదో, రైట్-ఆఫ్ చేయాల్సింది ఏదో రాసివ్వాలి. రైట్-ఆఫ్ అంటే ఆ వస్తువు ఇక మన దగ్గర లేదని దస్తావేజుల్లో కొట్టేయడం. ఆ తర్వాత కాగితం తూకానికి పోతుంది.

ఆ గదిలో ఒక ఇంగ్లీషు వారపత్రిక సంపుటాలు చాలా ఉండేవి. ఒకప్పుడు ఊళ్లోనే అచ్చయ్యేది. నేను చేరేనాటికి అది మూతపడి ఎన్నో ఏళ్లయింది. రైల్వే కాలనీ కబుర్లన్నీ అందులో ఉండేవి: ఏ దొర సెలవు మీద వెళ్లాడు, దుర్గాపూజల్లో ఎవరి నాటకం ఆడారు, క్రిస్మస్‌కి ఏ బంగళాలో ఏం జరిగింది. మా నాన్న వర్క్‌షాపులో బాయిలర్ పని చేసినవాడు. నేను పుట్టకముందు ఈ ఊరు ఎలా ఉండేదో తెలియడంతో నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. ఒక్కటే ఇబ్బంది. గది కిటికీ రైల్వే యార్డు వైపు ఉండేది. డిసెంబరు సాయంత్రాల్లో బొగ్గుపొగా మంచూ కలిసి కిటికీ అద్దానికి అంటుకుని నిలిచేవి. అవతల ఎవరైనా నడిచి వెళ్తే మనిషి కనిపించేవాడు కాదు, చేతిలో లాంతరు వెలుగు మాత్రం కదిలేది. కొత్తలో అది చూసి పని ఆపేసేవాణ్ని.

డిసెంబరు మొదటి వారంలో రూతమ్మ గారు వచ్చారు. రైల్వే ఆసుపత్రిలో నర్సు. ముప్పై దాటిన మనిషి, భర్త గార్డు. వాళ్లది తెలుగు క్రైస్తవ కుటుంబం, మూడు తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నారు. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు.

“సూర్నారాయణ గారూ, మా పాస్టరు గారు పంపినారండి. పాత పేపర్లలో నక్షత్రం ఊరేగింపు గురించి ఉంటాదంట. చూడాల,” అన్నారు.

సంగతి చెప్పించుకున్నాను. ఒకప్పుడు క్రిస్మస్ ముందురోజు సంధ్యవేళ తెలుగు సంఘం వాళ్లు ప్రార్థన ఇంటి దగ్గర బయలుదేరి, వెదురుబద్దలతో కట్టి రంగుకాగితం అంటించిన పెద్ద నక్షత్రంలో దీపం పెట్టి, పాటలు పాడుకుంటూ యార్డు దాటి దొరల బంగళాల వరకూ వెళ్లేవారట. తెల్లగౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల ఆ నక్షత్రాన్ని కర్రకు కట్టి ముందు మోసేది. ఎప్పుడో ఆ ఆచారం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఇప్పటివాళ్లకు తెలియదు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఈ ఏడు మళ్లీ మొదలుపెడదామన్నారు. నక్షత్రం మోయడానికి రూతమ్మ గారి కూతురు లిల్లీని ఎంచారు.

“ఆ కబురు ఇంట్లో చెప్పినాను. మా అమ్మ మంచమెక్కేసినాది. అన్నం ముట్టట్లేదు. లిల్లీని గడప దాటనివ్వట్లేదు. ఏటమ్మా అంటే మాటాడదు,” అన్నారు రూతమ్మ గారు.

తర్వాత కొంచెం తటపటాయించి ఇంకో సంగతి చెప్పారు. వాళ్ల ఇంట్లో క్రిస్మస్ ముందురోజు సాయంత్రం దీపం పెట్టరు. తలుపులు బిగిస్తారు. పాటల బృందం వీధిలోకి వచ్చినా తీయరు. అన్నిటికంటే ముఖ్యం, ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. చిన్నప్పుడు తను మరిచిపోయి పిలవబోతే వాళ్లమ్మ దీనమ్మ గారు అరచేత్తో నోరు మూసేవారట. “కిరస్తానీలంతా ఇలాగే సేస్తారనుకున్నానండి. నర్సు ట్రైనింగుకి హాస్టల్లో చేరినాక తెలిసినాది, మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదని.”

పాత పేపరులో వెతకడానికి సూచిక ఉండదు. పండుగను పట్టుకుని వెతకాలి. ఇద్దరం కూర్చుని ఒక్కో సంపుటంలో డిసెంబరు సంచికలు తిప్పాం. నక్షత్రం ఊరేగింపు కబురు చాలా ఏళ్లలో కనిపించింది. ఒక ఏడు బంగళాలో పిల్లలకు కేకు పెడతారని, ఒక ఏడు కిందటిసారి వానకి తడిసిన నక్షత్రం బదులు కొత్తది కడుతున్నారని. రూతమ్మ గారికి అవి చదువుతుంటే ముచ్చటేసింది. తర్వాత నలభై ఏళ్ల కిందటి సంపుటంలో, క్రిస్మస్‌కి ముందు వారం సంచికలో, ఒక చిన్న ప్రకటన దొరికింది. ఈసారి నక్షత్రాన్ని ఫిట్టర్ యోహాను కూతురు దీనా మోస్తుందని అందులో ఉంది.

“మా తాత పేరండి! దీనా అంటే మా అమ్మే!” అని రూతమ్మ గారు లేచి నిలబడ్డారు. తల్లి ఆ నక్షత్రం మోసిందని, కూతురితో ఒక్కమాటైనా చెప్పలేదని ఆమెకు ఆశ్చర్యం. ఈ కబురు చెబితే తల్లి మెత్తబడుతుందనుకుని సంతోషంగా ఇంటికెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ మధ్యలోనే వచ్చారు. 

“చెప్పినానండి. మా అమ్మ గోడకి జరిగిపోయి ఒక్కటే మాట అడిగినాది. పేపర్లో నా పేరు ఇంకా ఉన్నాదా అని.”

ఆ మాటలో ఏదో ఉందనిపించింది. అప్పుడు నాకు తట్టింది. మేం డిసెంబరు సంచికలే చూశాం. పండుగ వారం పత్రిక రాదు కాబట్టి, క్రిస్మస్ ముందురోజు సంగతులు అచ్చయ్యేది జనవరి మొదట్లో. జనవరి సంచికలు తర్వాతి ఏడు సంపుటంలో బైండవుతాయి. అంటే ప్రకటన ఒక సంపుటంలో ఉంటుంది, జరిగింది వేరే సంపుటంలో ఉంటుంది. ఆ రెండో సంపుటం చెదలు పట్టిన గోడవైపు ఉంది. అట్ట చేతిలోకి ఊడొచ్చింది. లోపలి కాగితం మాత్రం చెదరలేదు.

నేను చదివి తెలుగులో చెప్పాను. యార్డు దాటుతుండగా పొగమంచు దట్టంగా కమ్మింది. బృందంలోవాళ్లకు ముందు నక్షత్రం వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ వెలుగునే చూస్తూ నడిచారు. ఒకచోట వెలుగు ఆగింది. దగ్గరికి వెళ్లి చూస్తే రెండు లైన్ల మధ్య కంకరలో కర్ర నిటారుగా నిలబడి ఉంది. నక్షత్రంలో దీపం వెలుగుతోంది. పిల్ల లేదు. ఆ సమయంలో ఆ లైన్ల మీద ఏ బండీ నడవలేదని యార్డు అధికారి చెప్పాడు. దెబ్బ తగిలిన ఆనవాలు లేదు. వెతికినా దొరకలేదు. తప్పిపోయిన పిల్ల ఫిట్టర్ యోహాను కూతురు దీనా అని ముగించారు.

రూతమ్మ గారు ఆ పేజీ మీద చెయ్యి పెట్టారు. నన్ను అడిగారు.

“మరి మా ఇంట్లో ఉన్నది ఎవరండి?”

 దొరికిపోయి ఉంటుంది, ఆ కబురు వేసి ఉండరు అన్నాను. అది నిజమో కాదో చూద్దామని ఆ సంపుటం చివరి దాకా తిప్పాను. దొరికినట్టు లేదు. దాని తర్వాతి సంపుటంలో మాత్రం, మళ్లీ జనవరి మొదట్లో, నాలుగు వాక్యాలున్నాయి. ఆ ఏడు ఊరేగింపు జరపలేదట. అయినా లైను పక్క ఇళ్లవాళ్లు కొందరు సంధ్యవేళ నక్షత్రం తమ గుమ్మాల ముందు నుంచి వెళ్లిందని, మోస్తున్నవాళ్లెవరూ కనిపించలేదని చెప్పారట. పత్రికవాళ్లు దాన్ని వేళాకోళంగా రాశారు. ఆ తర్వాత ఏ సంవత్సరంలోనూ ఊరేగింపు మాట లేదు.

సంపుటాన్ని ఇంటికి ఇవ్వడానికి వీల్లేదు. బ్యాక్ ఫైళ్లు గదిలోనే చూసుకోవాలని నిబంధన. అది చెప్పాను. రెండు రోజుల తర్వాత దీనమ్మ గారే వచ్చారు. కూతురి చెయ్యి పట్టుకుని, తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని, రిక్షా దిగి మెల్లగా నడిచి వచ్చారు. ఏభై దాటిన మనిషి, అంతకంటే పెద్దగా కనిపించారు. కుర్చీ వేశాను. ఆమె పేపరు వైపు చూడలేదు.

“బాబూ, నాను ఇంగిలీసు సదవలేను. మీరు సదవండి. నా పేరు మాత్రం సదవకండి. మిగతాది సదవండి,” అన్నారు.

అలాగే చదివాను. పేరు వచ్చిన చోట ఆగి ముందుకు వెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని విన్నారు. అయ్యాక చెప్పడం మొదలుపెట్టారు. రూతమ్మ గారు కూడా అదే మొదటిసారి వినడం.

“ఆ రోజు నాకు జరం. ఒళ్లు కాలిపోతన్నాది. గౌను నాకే కుట్టినారు. మా అమ్మ అది మా సెల్లికి తొడిగి, కింద పొడుగైపోతే పిన్నీసులెట్టినాది. అది ఎగిరి గంతేసినాది. అక్కా, నీ బదులు నేనెల్తన్నాను, నీకు కేకు తెస్తానని సెప్పి ఎల్లినాది. మరి రాలేదు.”

రూతమ్మ గారు తల్లి వైపు తిరిగారు. తనకు పిన్ని ఒకామె ఉండేదని ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది.

“పేపరొచ్చినాక మా అయ్యకి ఫోర్‌మన్ సదివి సెప్పినాడు, నీ దీనా పోయినాదని రాసినారు అని. మా అయ్య సెప్పినాడు, దీనా ఇంట్లోనే ఉన్నాది, పోయింది సిన్నదీ అని. ఒకసారి అచ్చేసింది మళ్లీ ఎవుడేస్తాడు అన్నాడంట ఆ ఫోర్‌మన్. అలా ఒదిలేసినారు. మరుసటేడు పండగ ముందురోజు సీకటి పడతా ఉంటే తలుపు కిందనుంచి ఎలుగొచ్చినాది. రంగుకాయితం ఎలుగు, ఎర్రగా. పాట వినిపించినాది. మా సెల్లి గొంతే. మా అమ్మ తలుపు తీయబోనాది. నాను కాళ్లట్టుకున్నాను.”

“ఎందుకమ్మా?” అన్నారు రూతమ్మ గారు.

“అది నన్ను పేరెట్టి పిలిసినాది. దీనా, దీనా అని. మా సెల్లి నన్ను ఎన్నడూ పేరెట్టి పిలవలేదు. అక్కా అనేది. నా పేరు పేపర్లో ఉన్నాది కదా. దాన్ని పట్టుకునే వొచ్చినాది అనుకున్నాను. అందుకే ఆ పూట ఇంట్లో ఎవురి పేరూ బయటికి ఇనపడనివ్వను.”

 యార్డులో ఇంజను ఒకటి కూతేసి ఊరుకుంది. నేను ఇలాంటివి నమ్మేవాణ్ని కాను, నమ్మనని అనేంత ధైర్యమూ ఆ పూట లేదు. నాకు తెలిసింది పత్రిక సంగతి ఒక్కటే. అదే చెప్పాను. రెండు సంపుటాలూ పక్కపక్కన తెరిచి పెట్టాను. ఊరేగింపుకు ముందు వారమే ఆమె పేరు ప్రకటనలో వచ్చిందని, తర్వాత వార్త రాసినవాడు పిల్లను చూడలేదని, ఇంటికి వచ్చి అడగలేదని, తమ పాత సంచిక తీసి అందులో ఉన్న పేరునే మళ్లీ రాసుకున్నాడని వివరించాను. రెండు చోట్లా పేరు స్పెల్లింగు ఒకటే, అందులో తప్పు కూడా ఒకటే. పత్రికల్లో ఇలాంటివి ఎప్పుడూ జరుగుతుంటాయి.

దీనమ్మ గారు వంగి ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూశారు. అక్షరాలు తెలియకపోయినా రెండూ ఒకేలా ఉన్నాయని పోల్చుకున్నారు.

“అయితే నా పేరు కావాలని రాయలేదా బాబూ?”

“లేదమ్మా. వాళ్లకు మీరెవరో తెలియదు.”

“మరి దాని పేరు ఎక్కడున్నాది?”

“ఎక్కడా లేదమ్మా.”

నలభై ఏళ్లుగా ఆమెను భయపెట్టింది తన పేరు అచ్చులో ఉండటం. ఆ పూట ఆమెను ఏడిపించింది చెల్లి పేరు లేకపోవడం. బాప్తిస్మం రికార్డు దొరుకుతుందేమోనని పాస్టరు గారిని అడిగించాను. ఆ కాలంనాటివి మిషన్ వాళ్లతో ఎటో వెళ్లిపోయాయని చెప్పారు. ఫోటో లేదు. యోహాను గారూ భార్యా ఏనాడో పోయారు. ఆ పిల్ల ఈ భూమ్మీద పుట్టిందనడానికి దీనమ్మ గారి మాట ఒక్కటే మిగిలింది. ఆమె కూడా ఆ పేరు నోటితో అని నలభై ఏళ్లయింది.

ఆ పూట మా గది నుంచి వెళ్లేముందు చెల్లి పేరు చెప్పారు. సువార్త.

ఇంటికి వెళ్లాక ఆమె అన్నం తిన్నారట. లిల్లీ నక్షత్రం మోయవచ్చన్నారు. కానీ రెండు షరతులు పెట్టారు. నోటీసు బోర్డు మీద ముందుగా పిల్ల పేరు రాయకూడదు. నక్షత్రం మొదట తమ గుమ్మానికి రావాలి. పాస్టరు గారు ఒప్పుకున్నారు. యార్డు మీదుగా కాకుండా, ఓవర్‌బ్రిడ్జి దాటి లైను కంచె వెంబడి నడవాలని ఆయనే నిర్ణయించారు. రూతమ్మ గారు నన్ను కూడా రమ్మన్నారు. నేను హిందువును, పాటలు రావు. అయినా వెళ్లాను.

ఆ సాయంత్రం ఏం చూశానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మంచు కంచె దాకా దిగింది. లిల్లీ ముందు నడుస్తోంది. ఒక పక్క తల్లి, ఇంకో పక్క నేను. వెనక పాటలవాళ్లు. లిల్లీ చేతిలో నక్షత్రం నా తలకంటే ఎత్తులో ఉంది. మాకు కొంత దూరంలో, కంచెకు అవతల, లైన్ల వైపు, అదే ఎత్తులో ఒక వెలుగు మాతో పాటే కదులుతోంది. మేం ఆగితే ఆగింది. అది ఎర్రగా ఉంది. పాయింట్స్‌మన్ చేతిదీపం అనుకున్నాను. లైన్లు మార్చే పనివాడు ఎర్రదీపం పట్టుకోవడం మామూలే. కానీ ఆ దీపాన్ని మోకాళ్ల దగ్గర పట్టుకుంటారు, తలపైకి ఎత్తి నడవరు. నేను రూతమ్మ గారి వైపు చూశాను. ఆమె అటు చూడకుండా కూతురి భుజం గట్టిగా పట్టుకుని నడుస్తున్నారు. ఆమెకూ కనిపించిందని అర్థమైంది.

వీధిలోకి తిరిగాక ఆ వెలుగు కనిపించలేదు. దీనమ్మ గారి ఇంట్లో ప్రతి కిటికీలోనూ దీపం ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. ఆమె గుమ్మంలో నిలబడ్డారు. పాట అయ్యేదాకా విని, చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నారు. లిల్లీని లోపలికి పంపి, మా అందరి మీదుగా, మా వెనక ఉన్న చీకటి వైపు చూసి పిలిచారు.

“సువార్తా! నానే, అక్కని. రా అమ్మా, లోనికి రా.”

 నా వెనక పాడుతున్నవాళ్లలో ఒకతను పక్కకు జరిగాడు. అతని పక్కనున్నవాళ్లు కూడా జరిగారు. ఇరుకు దారిలో ఎవరైనా వస్తుంటే జరుగుతామే, అలాగ. తర్వాత అడిగితే ఎందుకు జరిగానో తెలియదన్నాడు. దీనమ్మ గారు గుమ్మంలో ఒక పక్కకు ఒదిగి దారి ఇచ్చారు. లిల్లీ అప్పటికే లోపల ఉంది. కొంతసేపు అలాగే నిలబడి, తలుపు దగ్గరగా వేశారు.

సెలవుల తర్వాత యార్డు ఆఫీసులో తెలిసినతన్ని అడిగాను. ఆ సాయంత్రం కంచె వైపు లైన్ల మీద పనివాళ్లెవరూ లేరన్నాడు. దాన్ని అక్కడితో వదిలేశాను.

ఆ వారపత్రిక సంపుటాలను రైట్-ఆఫ్ చేయకూడదని సిఫారసు రాశాను. సెక్రటరీ గారు ముందు ఒప్పుకోలేదు. వాటిని చదివేదెవరు అన్నారు. జరిగింది చెప్పాను, వెలుగు సంగతి మినహాయించి. ఆయన కొంచెం ఆలోచించి సంతకం పెట్టారు. ఆ జనవరి పేజీ పక్కన, దీనమ్మ గారు చెప్పినట్టుగా తప్పిపోయిన పిల్ల పేరు సువార్త అని ఒక చీటీ టైపు చేసి అంటించాను. అసలు కాగితం మీద గీత కూడా పెట్టలేదు. దీనమ్మ గారు ఆ తర్వాత చాలాకాలం బతికారు. క్రిస్మస్ ముందురోజు చీకటి పడితే ఆమె ఇంట్లోవాళ్లు దీపాలు పెట్టుకున్నారు, పేర్లు పెట్టి పిలుచుకున్నారు. లోపలికి ఎవరు వచ్చారని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

రిటైరయ్యేదాకా ఆ లైబ్రరీలోనే ఉన్నాను. తాతల సంగతి తెలుసుకోవాలని, పాత పండుగలు ఎలా జరిగేవో చూడాలని చాలామంది వచ్చేవారు. పేజీ దొరకగానే పని అయిపోయిందనుకునేవారు. పత్రిక ఆ రోజు ఎవరో చెప్పింది వేసి, మరుసటి వారం ఇంకో కబురుకు పోతుంది. అందుకే వార్త దొరికినవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని: ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంట్లో ఇంకా ఎవరైనా ఉంటే, ఈ కాగితాన్ని నమ్మేముందు వాళ్లను అడగండి. అడక్కపోతే, అచ్చులో పోయినవాళ్లు పోయారని, అచ్చులో లేనివాళ్లు పుట్టనే లేదని అనుకుంటాం.